చెవి ఆయనది, చెవుడు అత్తమ్మది

మా ఆయనకు ఈ మధ్య కొత్త జబ్బు పట్టుకుంది. పేకాట కాదు, సిగరెట్టు కాదు, వాల్వులు! పాత రేడియోల్లో ఎర్రగా వెలిగేవే, ఆ గాజు బుడ్లు. షాలిబండలో మా రెండు గదుల ఇంట్లోకి వాల్వు యాంప్లిఫయర్ ఒకటి వచ్చి కూర్చుంది. మొన్న దానికోసం 14,000 రూపాయలు పెట్టి, ఎప్పుడో ఇంగ్లండులో తయారైన ముల్లార్డ్ వాల్వుల జత తెప్పించారు. అదే నెలలో అత్తమ్మ చెవి మిషను మాత్రం "వచ్చే నెల చూద్దాం" అయింది.

పాటల మీద నాకు కోపం లేదు. వాల్వు మీదా లేదు. ఆయన చేసే పోలిక మీదే నా పేచీ.

ఈసీసీ83, 12ఏఎక్స్7 అని రెండు పేర్లు వినిపిస్తాయి. ఒకటి యూరప్ పేరు, ఒకటి అమెరికా పేరు, వాల్వు ఒకటే. దీని వృద్ధి 100. దాని చెల్లెలు 12ఏయూ7కి 20కి దగ్గర. ఈ రెంటికీ తేడా వినిపిస్తుందంటే ఒప్పుకుంటాను. అరిగిపోయిన వాల్వుకీ కొత్తదానికీ తేడా ఉంటుందన్నా ఒప్పుకుంటాను. కానీ ఒకే రకం, రెండూ ఆరోగ్యంగా ఉన్నవి, కంపెనీ పేరు మారితే చాలు ఒకదాంట్లో తేనె, ఒకదాంట్లో ఇసుకా?

మన బెంగుళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళూ ఈ వాల్వులు చేశారు. జుమ్మెరాత్ బజార్‌లో ఒక జత దొరికితే నేనే కొన్నాను. "అబ్బే, గరుకు" అన్నారు, ఇంకా పెట్టి వినకముందే! పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా. ఇప్పుడు ముల్లార్డ్ పేరుతో కొత్తగా వచ్చేవి రష్యాలో తయారవుతున్నాయి. అంటే పేరుకూ ఊరుకూ సంబంధం ఎప్పుడో తెగిపోయింది.

ఆయన పోలికలో మూడు తప్పులున్నాయి. ఏది పెట్టారో ముందే తెలుసు. కాస్త బిగ్గరగా మోగిందే చెవికి ఇంపుగా తోస్తుంది, ఆయన ఆ మట్టం సరిచూడరు. వాల్వు చల్లారి, మార్చి, మళ్ళీ వేడెక్కేసరికి పావుగంట. ఇందాక విన్న గొంతు అప్పటిదాకా చెవిలో ఉంటుందా?

అందుకని ఒక ఆదివారం ఆయన్ని పక్కగదిలోకి పంపాం. మా అమ్మాయి వాల్వులు మార్చింది, కొన్నిసార్లు మార్చినట్టు నటించింది. ఫోనులో శబ్దం కొలిచి రెంటికీ ఒకే మట్టం పెట్టాం. వీపు తిప్పి కూర్చోబెట్టి ఆరుసార్లు అడిగాం. మూడు ఒప్పు, మూడు తప్పు. ఆరుసార్లతో శాస్త్రం తేలదు, నిజమే. కానీ బొమ్మా బొరుసూ వేసినా అదే లెక్క వచ్చేది.

"నీకు తెలీదులే, దీనికి చెవి ఉండాలి" అన్నారు. చెవి లేకుండానేనా మనం ఇల్లు నడుపుతున్నాం? కుక్కరు విజిల్ గొంతు మారితే నీళ్ళు తక్కువయ్యాయని, మిక్సీ మూలిగితే బేరింగ్ పోతోందని, పాలు గిన్నె అంచుకొచ్చే ముందు చప్పుడు మారుతుందని ఎవరు చెబుతారు? నేను రెండు చీరలు పక్కపక్కన పెట్టుకుంటే అది ఆడవాళ్ళ చాదస్తం. ఆయన రెండు వాల్వులు పక్కపక్కన పెట్టుకుంటే అది అభిరుచి!

మీ ఇంట్లోనూ ఇలాంటివారుంటే మానిపించమనను. పేరు దాచి, మట్టం సరిచేసి, చెయ్యి వేరేవాళ్ళది పెట్టి వినమనండి. అప్పటికీ తేడా తెలిస్తే కొనుక్కోనివ్వండి, ఇంట్లో మిగతా చెవుల సంగతి చూశాక.

ఆ రోజు మా పరీక్షంతా మంచం మీంచి చూసిన అత్తమ్మ చివర్లో అన్న మాట ఇది: "ఏది పెట్టినా నాకైతే ఇనవడ్తలేదు బిడ్డా."

ఆయన ఏమీ మాట్లాడలేదు. ముల్లార్డ్ జత మళ్ళీ డబ్బాలోకి వెళ్ళింది, అమ్మకానికి.