కుకీ గడువు ఎవరి చేతిలో?

హోసూరులోనైనా బళ్లారిలోనైనా మన తల్లిదండ్రులకు ఇది తెలిసిన చిక్కే. ఒకే దరఖాస్తు సైట్ బడి కంప్యూటర్‌లో ఒకలా, ఇంట్లో ఫోన్‌లో మరోలా ఉంటుంది. ఒకచోట లాగిన్ నెలల తరబడి అలాగే ఉంటుంది. మరోచోట వారం తిరిగేసరికి ఎంచుకున్న భాష పోయి మళ్లీ ఇంగ్లిష్ వస్తుంది. సైట్ పాడైందనుకుంటాం. తరచూ కారణం కుకీల గడువు.

కుకీ అంటే సైట్ మన బ్రౌజర్‌లో దాచుకునే చిన్న చీటీ. 1994లో నెట్‌స్కేప్ ఇంజినీర్ లూ మోంటుల్లి దీన్ని తెచ్చారు. దాని మీద గడువు రాసేది సైటే. అయితే ఎన్నాళ్లు ఉంచాలో తేల్చేది బ్రౌజర్. 2022 ఆగస్టులో వచ్చిన క్రోమ్ 104 నుంచి, పదేళ్లని రాసినా 400 రోజులకు మించి ఉంచడం లేదు. సఫారీ ఇంకా కఠినం. పేజీలోని జావాస్క్రిప్ట్ రాసిన కుకీని 2019 నుంచి ఏడు రోజులకే పరిమితం చేసింది. ప్రకటనల కంపెనీలు మన వెంటపడకుండా తెచ్చిన నియమమిది, మంచిదే. కానీ భాష ఎంపిక లాంటి అమాయకపు చీటీ కూడా ఆ వలలోనే పడుతుంది. సైట్ సర్వర్ నుంచి నేరుగా పంపిన కుకీకి సాధారణంగా ఈ హద్దు లేదు. కనుక భాష ఎంపికను అలా పంపడం, వీలైతే ఖాతాలోనే నమోదు చేయడం సైట్ తయారుచేసేవారి పని. తెలుగు మీట ఉన్న సైట్లే తక్కువ. ఉన్న ఆ ఒక్కటీ వారానికోసారి మరిచిపోతే ఎలా?

నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది అసలు గడువే రాయని కుకీ. బ్రౌజర్ మూయగానే అది పోతుందని నమ్ముతాం. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో కిందటిసారి పేజీలను మళ్లీ తెరిచే సెట్టింగ్ ఉంటే, ఆ కుకీలూ తిరిగి రావచ్చు. నెట్ సెంటర్‌లో ఒక తల్లి విండో మూసి వెళ్లాక, తర్వాత కూర్చున్నవారి తెరపై ఆమె బిడ్డ ఆదాయ పత్రం, బ్యాంకు ఖాతా వివరాలు కనిపించే ప్రమాదం ఉంది.

దీనికి మందు బ్రౌజర్‌లో దొరకదు. కొంతసేపు కదలిక లేకపోతే సర్వరే లాగిన్‌ను రద్దు చేయాలి. బ్యాంకుల సైట్లు చేసేదిదే. అప్పుడు కుకీ ఏ బ్రౌజర్‌లో ఎన్నాళ్లున్నా చెల్లదు. అయితే నింపినంతవరకు దరఖాస్తును భద్రపరచాలి, లేకపోతే నెమ్మదిగా టైప్ చేసేవారు ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

పోర్టల్ నడిపే శాఖలకు బడుల తరఫున రాసేటప్పుడు ఈ రెండూ అడగవచ్చు. ఈలోగా బడి కంప్యూటర్లలో ఆ పాత పేజీల సెట్టింగ్ తీసేసి, తల్లిదండ్రుల దరఖాస్తులను ఇన్‌కాగ్నిటో విండోలోనే తెరవండి. లేచే ముందు లాగౌట్ మీట వారిచేతే నొక్కించండి.