కుక్క గోకుడుకు తెల్ల మాత్రే మందా?

గేదె ఒక పూట మేత ముట్టకపోతే డాక్టరు దగ్గరకు పరిగెత్తుతాం. అదే గొడ్లపాక కాసే కుక్క నెలల తరబడి గోక్కుని, తోక మొదట్లో పుండ్లు పడ్డా 'గజ్జికుక్క' అని వూరుకుంటాం. మరీ చూడలేకపోతే మందుల షాపుకెళ్లి చీటీ లేకుండానే దురద మాత్రలు తెచ్చి పెరుగన్నంలో కలిపి పెడతాం. ఈ పని మానండి అని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఎందుకంటే ఆ తప్పు నేనూ చేశాను.

మా రాజా వానాకాలం రాగానే నడుమూ, తోక మొదలూ కొరుక్కునేది. షాపతను చిన్న తెల్ల మాత్రలిచ్చాడు. రెండు రోజుల్లో గోకుడు బంద్. ఇంకేం, ఇంతకు మించిన మందు లేదనుకున్నాను. ఆపితే మళ్లీ గోకుడు, మళ్లీ మాత్రలు. ఇలా ఏడెనిమిది నెలలు నడిచింది. కుక్క తొట్టి నీళ్లన్నీ తాగేది. పొట్ట జారింది, వెంట్రుకలు రాలాయి. చివరికి పశువైద్యశాలకు తీసుకెళితే డాక్టరుగారు చర్మం గీకి సూక్ష్మదర్శినిలో చూశారు. వెంట్రుకల కుదుళ్లలో డెమోడెక్స్ పురుగులు!

ఆ తెల్ల మాత్ర ప్రెడ్నిసోలోన్, అంటే స్టెరాయిడ్. అది దురదతోపాటు రోగనిరోధక శక్తినీ అణిచేసింది. అదను చూసి పురుగులు పెరిగాయి. మొదటి దురదకు కారణం మాత్రం వేరే: వెంట్రుకల్లో పరిగెత్తి చటుక్కున గెంతే సన్న గోమార్లు. వాటి లాలాజలం కొన్ని కుక్కలకు పడదు. నాలుగు కుట్టినా చాలు, ఒళ్లంతా మంటే. మీరూ చూసుకోవచ్చు. నడుము మీద దువ్వితే మిరియాల పొడిలాంటి నల్ల నలుసులు రాలతాయి. తడిపిన తెల్లగుడ్డ మీద వేస్తే ఎర్రగా మారతాయి. అది గోమారి తాగి విసర్జించిన రక్తమే.

స్టెరాయిడ్ విషమని నేననడం లేదు. దురద భరించలేని కుక్కకు డాక్టర్లే కొన్నాళ్లు రాస్తారు. తక్కువ మోతాదులో, క్రమంగా తగ్గిస్తూ. చాలాకాలం వాడినదాన్ని ఉన్నట్టుండి ఆపినా ప్రమాదమే. నొప్పి మాత్రలతో కలిపి ఇస్తే కడుపులో పుండ్లు పడతాయి. చీటీ మీద అమ్మాల్సిన మందును చాక్లెట్లలా అమ్మే షాపులది తప్పు కాదా?

గోమార్లు లేకపోయినా పాదాలు నాకడం, చెవులు, చంకలు గోక్కోవడం ఏడాదికేడాది తిరగబెడుతుంటే అది దుమ్ముపురుగులూ, పుప్పొడీ పడని జబ్బు కావచ్చు. సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు మొదలవుతుంది. అదుపులో వుంటుందే తప్ప పూర్తిగా పోదు. దీనికి అమెరికాలో 2013లో అనుమతి పొందిన ఓక్లాసిటినిబ్ అనే మాత్ర వుంది. దురద పుట్టించే సంకేతాలను అడ్డుకుంటుంది. స్టెరాయిడ్‌లా దాహం, ఆకలి అంతగా పెంచదు. అయితే ఏడాది నిండని పిల్లలకూ, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు వున్నవాటికీ వాడకూడదు. ధర కూడా రైతుకు భారమే. కాబట్టి గోమార్లూ, గజ్జీ లేవని తేల్చుకోకుండా దాని జోలికి పోవడం డబ్బు దండగ.

రాజాకు డాక్టరుగారు పురుగులకు మందిచ్చి, స్టెరాయిడ్‌ను వారాల తరబడి తగ్గిస్తూ మాన్పించారు. ఇంట్లో వున్న రెండు కుక్కలకూ ఒకేసారి గోమార్ల మందు వేశాం. పిల్లికి మాత్రం వేరే మందు రాశారు. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ పిల్లిని చంపేస్తుందట. గోమార్ల గుడ్లు కుక్క పడుకునే చోటే రాలతాయి గనుక పాత గోనెపట్టాలు తగలబెట్టి, పాక మూలలు ఊడ్చాం. వాడేసిన ఇంజనాయిల్ పూయమన్న పక్కింటాయన సలహా మాత్రం వినలేదు. కుక్క దాన్ని నాకితే కడుపులోకే కదా పోయేది!

మీ కుక్కను ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు అంతకుముందు వాడిన మాత్రల ఖాళీ అట్టలు కూడా జేబులో వేసుకెళ్లండి. నేను తీసుకెళ్లలేదు. తెల్ల మాత్ర పేరేమిటని డాక్టరుగారు అడిగితే నోట మాట రాలేదు.