ముందు చెకింగ్, తర్వాతే ఖర్చు

కందకుర్తిలో గోదావరి స్నానానికి వచ్చే బండ్లలో పదిహేనేళ్లు దాటిన కార్లు కూడా కనిపిస్తాయి. అలాంటి కారుకు సడన్‌గా బ్రేక్ పట్టకపోతే "సెట్ మొత్తం మార్చేయ్" అని సలహా ఇస్తారు. నేనైతే ఒప్పుకోను. కోడ్‌లో బగ్ వస్తే ప్రోగ్రామ్ అంతా తిరగరాస్తామా? ముందు అది ఎక్కడుందో వెతుకుతాం.

బ్రేక్ పెడల్ కూడా జబ్బు ఎక్కడుందో చెప్తుంది. బండి ఆపి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి చూడండి. పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటే లైన్‌లో గాలి చేరి ఉండొచ్చు. తొక్కి పట్టుకున్నప్పుడు మెల్లగా కిందికి దిగుతుంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టు, లేదా మాస్టర్ సిలిండర్‌లో సీల్ పోయినట్టు. రాయిలా గట్టిగా ఉంటే, ఇంజన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కి, కాలు తీయకుండానే స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కూడా దిగకపోతే బూస్టర్‌నో, దాని వాక్యూమ్ పైపునో అనుమానించాలి. బ్రేక్ ఆయిల్ లెవెల్, చక్రాల లోపలివైపు తడి చూడటానికి ఫోన్ టార్చ్ చాలు.

వీటికి రూపాయి ఖర్చు లేదు. అయితే పొదుపు ఇక్కడి వరకే. "మెల్లగా బోధన్ దాకా పోదాం తీ" అనుకోవద్దు. మెకానిక్‌నే బండి దగ్గరికి పిలవండి. లక్షణం సరిగ్గా చెప్తే, కావాల్సిన పార్ట్‌తోనే వస్తాడు. ఆ డబ్బు దగ్గర మాత్రం బేరం వద్దు.