ఎవరితో పోల్చి చెబుతున్నారు?

"హాస్టల్ పిల్లలకు లెక్కలు రావు." "ఇంగ్లీషు మీడియంలో వేస్తే వీళ్లు తట్టుకోలేరు." "ఆ కాలేజీలో చేరితే ఎవరికైనా ర్యాంకు ఖాయం." ఈ మూడు మాటలూ వినని వారు మనలో ఉండరు. మొదటి రెండూ విని మనం తల దించుకుంటాం. మూడోది విని అమ్మానాన్నలు అప్పు చేస్తారు. మూడింటిలోనూ ఉన్న లోపం ఒక్కటే. ఎవరిని ఎవరితో పోల్చి ఆ మాట అంటున్నారో వాళ్లు చెప్పరు, మనమూ అడగం.

అలా అడగడం నేర్పే పాఠం ఒకటుంది. అదే మనస్తత్వశాస్త్రంలో ప్రయోగాన్ని రూపొందించే పద్ధతి. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల స్థాపించిన నాటి నుంచి మనిషి మనసును కూడా కొలిచి, పోల్చి చూడటం మొదలైంది. ఇది డిగ్రీలో సైకాలజీ తీసుకున్న వాళ్ల గొడవ అని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయంలో హాస్టల్లో చదివే ప్రతి ఒక్కరికీ ఇది తెలిసి ఉండాలి. ఎందుకంటే మన తెలివి మీద తీర్పులు చెప్పేవాళ్లు మిగతా వాళ్లకంటే మనకే ఎక్కువ.

ప్రయోగం అంటే ఏమిటి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. స్టడీ అవర్‌లో నలుగురు కలిసి చదివితే బాగా గుర్తుంటుందా, ఒంటరిగా చదివితేనా? ఊరికే వాదించుకుంటే తెల్లవారినా తేలదు. కలిసి చదివితే ఎక్కువ గుర్తుంటుందని ముందు ఒక ఊహ చేస్తాం. దీన్నే పరికల్పన అంటారు. మనం మార్చేది చదివే తీరు, అది స్వతంత్ర చరం. మనం కొలిచేది పరీక్షలో వచ్చే మార్కులు, అది పరతంత్ర చరం.

ఇప్పుడు నలభై మందిని రెండు జట్లు చేయాలి. ఇష్టమైన వాళ్లు కలిసి చదవండి, మిగతా వాళ్లు విడిగా చదవండి అంటే ప్రయోగం అక్కడే చెడిపోతుంది. చురుకైన వాళ్లంతా ఒకవైపు చేరవచ్చు. అందుకే చీటీలు వేయాలి. తెలివి, ఓపిక, ఇంటి పరిస్థితి అన్నీ రెండు జట్లలోనూ ఇంచుమించు సమానంగా కలిసిపోయేలా చేసేది ఆ చీటీయే. తర్వాత ఒకే పాఠం, ఒకే సమయం, ఒకే ప్రశ్నపత్రం ఇవ్వాలి. పేపర్లు దిద్దే వాళ్లకు ఏది ఏ జట్టుదో తెలియకూడదు. ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా, తేడా కాకతాళీయంగా వచ్చిందేమో లెక్క కట్టి చూడాలి.

ర్యాంకుల ప్రకటనను ఈ కొలబద్దతో చూడండి. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన వాళ్లను ఏరి చేర్చుకున్నాక వచ్చిన ర్యాంకు కాలేజీ గొప్పతనమా, పిల్లల గొప్పతనమా? చేరిన వాళ్లెందరు, ర్యాంకు రాని వాళ్లెందరు? చీటీ వేయని చోట ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు.

దిద్దేవాళ్లకు ఎందుకు తెలియకూడదు?

బెర్లిన్‌లో వాన్ ఓస్టెన్ అనే ఆయన దగ్గర హాన్స్ అనే గుర్రం ఉండేది. కూడికలు అడిగితే కాలి గిట్టతో నేలను తట్టి జవాబు చెప్పేది. పెద్ద పెద్ద వాళ్లే నమ్మారు. ఆస్కార్ ఫంగ్‌స్ట్ అనే పరిశోధకుడు దాన్ని పరీక్షించి 1907లో గుట్టు విప్పాడు. ప్రశ్న అడిగే వ్యక్తికి జవాబు తెలియనప్పుడు గుర్రానికీ తెలియలేదు. అడిగేవాళ్లు కనబడకుండా చేసినా అంతే. సరైన అంకె రాగానే అడిగేవాళ్ల తల తమకు తెలియకుండానే కొద్దిగా కదిలేది. గుర్రం ఆ కదలికను చూసి ఆగేది. ఎదుటివాళ్లు ఏమి ఆశిస్తున్నారో గుర్రమే పసిగడితే, బెంచీ మీద కూర్చున్న పిల్లవాడు పసిగట్టడా?

మన గురించిన ప్రయోగం

ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగం 2006లో అచ్చయింది. ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలు 642 మందిని తీసుకున్నారు. అగ్రకులాల వారు సగం, దళితులు సగం. కాగితం మీద చిక్కుదారుల బొమ్మలు ఇచ్చి, లోపలి నుంచి బయటికి దారి కనిపెట్టమన్నారు. కొన్ని గుంపుల్లో కులం ప్రసక్తే తేలేదు. మరికొన్నింటిలో ఒక్కొక్కరి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందూ చదివారు.

కులం చదవని చోట ఇరువురి మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. చదివిన చోట దళిత పిల్లల ఫలితం పడిపోయింది. బొమ్మలు అవే, వయసు అదే, సమయం అదే. మారింది అందరి ముందూ పలికిన ఆ ఒక్క మాట మాత్రమే. కాబట్టి ఆ తేడాకు కారణం పుట్టుకతో వచ్చే తెలివి అనడానికి వీల్లేదు.

అలాగని మనకు అనుకూలంగా వచ్చింది కదా అని ఎగిరి గంతేయకూడదు. అందులో ఉన్నది అబ్బాయిలే, చేయించింది చిక్కుదారుల పనే. అమ్మాయిల గురించి, లెక్కల మార్కుల గురించి అది నేరుగా చెప్పదు. పైగా, సైకాలజీలో పేరున్న పత్రికల్లో వచ్చిన వంద అధ్యయనాలను మళ్లీ చేసి చూసి 2015లో ఫలితాలు ప్రకటించారు. మొదట్లో దాదాపు అన్నింటిలోనూ తేడా కనిపించగా, మళ్లీ చేసినప్పుడు సుమారు 36 శాతం వాటిలోనే కనిపించింది. ఒక్క ప్రయోగంతో ఏదీ ముగిసిపోదు. మనల్ని తక్కువ చేసే మాటను ఏ ప్రశ్న అడుగుతామో, మనల్ని మెచ్చే మాటనూ అదే ప్రశ్న అడగాలి. అప్పుడే మన ప్రశ్నకు విలువ.

మనం చేయవలసింది

ఇంకో సంగతి. పరిశోధన కోసమైనా మనుషులను నొప్పించే ముందు ఒకటికి పదిసార్లు ఆలోచించాలి. 1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్, ఎదుటి మనిషికి నిజంగానే కరెంటు షాక్ ఇస్తున్నామని మామూలు మనుషులను నమ్మించి ప్రయోగం చేశాడు. వాళ్లు పడిన మనోవేదన మీద పెద్ద చర్చే జరిగింది. ఇప్పుడు మనుషుల మీద ప్రయోగాలకు ముందే వాళ్ల అంగీకారం, పిల్లలైతే పెద్దల అనుమతి, నైతిక సంఘం ఆమోదం అడుగుతున్నారు.

మరి తరగతి గదిలో "ఎస్సీ హాస్టల్ వాళ్లు లేచి నిలబడండి", "స్కాలర్‌షిప్ వాళ్లు చేతులెత్తండి" అనడానికి ఎవరి అనుమతి తీసుకుంటున్నారు? ఆ వివరాలు ఆఫీసు రిజిస్టర్లో ఉంటాయి. అవసరమైతే విడిగా పిలిచి అడగవచ్చు. పరీక్షకు ముందు, బోర్డు దగ్గరికి పిలిచే ముందు కులాన్నీ హాస్టల్‌నూ అందరిలో చదివే అలవాటు మానాలని మన పెద్దలను, ఉపాధ్యాయులను వినయంగానే, గట్టిగానే అడుగుదాం. దీనికి రూపాయి ఖర్చు లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈసారి ఎవరైనా "మీకు రాదు" అంటే ఏడవకండి, ఎదురు తిట్టకండి. మూడు ప్రశ్నలు అడగండి. ఎవరితో పోల్చి చెబుతున్నారు? మా ఇద్దరికీ మిగతావన్నీ సమానంగా ఉన్నాయా? పేర్లు తెలియకుండా దిద్దారా? జవాబు చెప్పలేకపోతే అది వాళ్ల అభిప్రాయం మాత్రమే. దానికి భయపడి పుస్తకం మూయకండి.