గింజ మీద ఎవరి రాజ్యం?

నందిగామ, జగ్గయ్యపేట మెట్ట పొలాల్లో తొలకరి పడితే రైతు చూపు విత్తనాల కొట్టు మీదికి పోతుంది. అప్పట్లో పత్తి ప్యాకెట్‌లో గింజలు 450 గ్రాములు ఉండేవి. 2005లో దాని ధర 1,850 రూపాయల దాకా పలికింది. అందులో 1,250 రూపాయలు మోన్‌శాంటో కంపెనీ బీటీ జన్యువుకు కట్టే రుసుమేనని తేలింది. రైతు పెట్టే ప్రతి మూడు రూపాయల్లో రెండు గింజకు కాదు, గింజలోని గుణానికన్నమాట.

ప్రభుత్వం ఈ ధర తగ్గించమంటే కంపెనీ వినలేదు. 2006 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీలోని గుత్తాధిపత్య వ్యాపారాల కమిషన్ తలుపు తట్టింది. మామూలుగా జనం సర్కారుకు అర్జీ పెట్టుకుంటారు. ఇక్కడ సర్కారే అర్జీదారు! రఘువీరారెడ్డి అప్పుడు వ్యవసాయ మంత్రి. మే నెలలో కమిషన్ రుసుము తగ్గించమంది. రాష్ట్రం ప్యాకెట్ ధర 750 రూపాయలుగా నిర్ణయించింది. కంపెనీ సుప్రీంకోర్టుకెక్కింది. 2007లో పత్తి విత్తనాల ధరలకు మన శాసనసభ ఏకంగా చట్టమే చేసింది.

విచిత్రం ఏమిటంటే, ఆ మొదటి రకం బీటీ జన్యువుకు మన దేశంలో పేటెంటే లేదు. మరి రుసుము ఎలా వసూలైంది? హైబ్రిడ్ గింజను రైతు దాచుకుని మళ్ళీ విత్తుకోలేడు, ఏటా కొనాల్సిందే. జన్యువు కావాలంటే విత్తన కంపెనీలు మోన్‌శాంటోతో ఒప్పందం చేసుకోవాల్సిందే. చట్టం ఇవ్వని అధికారాన్ని ఆ ఒప్పందమే ఇచ్చింది. నంద్యాల పరిశోధన కేంద్రం ఇచ్చిన 'నరసింహ' వంటి సూటి రకాల గింజ మాత్రం ఇంట్లో దాచుకునేదే.

నిజానికి కంపెనీ ఏలుబడి ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానాతో ఉత్తర సర్కారుల మీద హక్కు సంపాదించింది లండన్ వర్తకుల సంఘమే. తండ్రి జగ్గయ్య పేరున పేట కట్టించిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడంతటి జమీందారు కూడా పేష్కషు చెల్లించింది ఆ కంపెనీకే. మోన్‌శాంటోకు సైన్యం లేదు, పన్ను వేసే ఫర్మానా లేదు. అయినా ఎకరానికింత అని రాబట్టుకుంది.

తర్వాత కేంద్రమూ రంగంలోకి దిగింది. 2016లో ప్యాకెట్ 800, అందులో రుసుము 49 రూపాయలే అంది. అలిగిన కంపెనీ కొత్త రకం దరఖాస్తును వెనక్కి తీసుకుంది. 2020లో రుసుము సున్నా అయింది. ధర విషయంలో సర్కారు గెలిచిందనే నా అభిప్రాయం.

అయితే గింజ తయారీ మాత్రం సర్కారు చేతికి రాలేదు. గులాబీ పురుగు బీటీకి లొంగడం మానేసింది. అనుమతి లేని కలుపుమందు తట్టుకునే పత్తి విత్తనం దొడ్డిదారిన ఊళ్ళకొస్తోంది. దానికి సర్కారు పెట్టిన ధర ఉండదు, బిల్లు ఉండదు. మొలవకపోతే నిలదీయడానికి కంపెనీ పేరు కూడా ఉండదు.