పరుగుకు కావలసిన చోటు

మా ఆసుపత్రిలో మందుల చీటీ చివర ఒక మాట తప్పకుండా రాస్తాం: "రోజూ అరగంట నడవాలి." షుగరు ఉన్నవారికీ, బి.పి. ఉన్నవారికీ అదే మాట. వయసులో ఉన్నవారికైతే మెల్లగా పరుగెత్తమని కూడా చెబుతాం. పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల నడకవంటి వ్యాయామం గానీ, 75 నిమిషాల పరుగువంటి గట్టి వ్యాయామం గానీ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంతవరకు బాగానే ఉంది. అయితే చీటీ అందుకున్న రోగి గుమ్మం దగ్గర ఆగి, "నడవమన్నారు సరే, ఎక్కడ నడవమంటారు డాక్టరుగారూ?" అని అడిగితే మా దగ్గర సమాధానం ఉండదు.

ఈ "ఎక్కడ" అన్న ప్రశ్నకు ఒక ప్రభుత్వం చక్కగా సమాధానం చెప్పిన చోటు గురించి ఈ నెల రాయాలనుకున్నాను. అది అమెరికాలో జార్జియా రాష్ట్రపు జెకిల్ దీవి. ఆ రాష్ట్రంలోని అట్లాంటాలో మన తెలుగువారు ఎందరో స్థిరపడ్డారు. పిల్లల దగ్గరకు వెళ్లే మన సంఘ పెద్దలు కొందరైనా ఆ సముద్రతీరాన్ని చూసే అవకాశం ఉంది.

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య మన శ్రీహరికోట ఎలా ఉందో, అట్లాంటిక్ మహాసముద్రానికీ జార్జియా ప్రధాన భూభాగానికీ మధ్య జెకిల్ అలా ఉంది. తీరానికి అడ్డుగోడలా పరుచుకున్న ఇసుక దీవి అది. పొడవు సుమారు 11 కిలోమీటర్లు, వెడల్పు రెండు, రెండున్నర కిలోమీటర్లు. తూర్పున సముద్రం, పడమట ఉప్పునీటి గడ్డిమడుగులు. తుఫాను వచ్చినప్పుడు మొదటి దెబ్బ ఈ దీవి తింటుంది, వెనుక ఉన్న ఊళ్లు కొంత తేరుకుంటాయి. ఆ దెబ్బను ఆపేవి ఇసుక దిబ్బలు. ఆ దిబ్బలను పట్టి ఉంచేవి వాటిమీద పెరిగే గడ్డి వేళ్లు. అందుకే దిబ్బలమీద నడవడం అక్కడ నిషేధం. సముద్రంవైపు వెళ్లాలంటే చెక్క వంతెనలమీదుగానే వెళ్లాలి.

పరుగెత్తేవారికి అక్కడ నాలుగు రకాల దారులున్నాయి. ఉత్తరపు కొసన డ్రిఫ్ట్‌వుడ్ బీచ్ ఉంది. అక్కడ సముద్రం ఏటేటా నేలను కోసేస్తోంది. ఒకప్పుడు అడవిలో నిలబడిన ఓక్, పైన్ చెట్లు ఇప్పుడు ఇసుకమీద వేళ్లతో సహా పడి, ఎండకూ ఉప్పుకూ తెల్లబడి ఉన్నాయి. తెల్లవారుజామున ఆ కొమ్మల నడుమ సూర్యుడు పైకి రావడం చూడటానికే చాలామంది వస్తారు. ఇక్కడ వేగం పనికిరాదు. వేళ్లు కాళ్లకు తగులుతాయి. పోటు సమయంలో కొన్నిచోట్ల దారే మూసుకుపోతుంది.

రెండవది తూర్పు తీరం. జార్జియా తీరంలో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం రెండు మీటర్లకు పైగా మారుతుంది. పాటు సమయంలో తడిసి గట్టిపడిన ఇసుక బాటలా పరుచుకుంటుంది. గ్రేట్ డ్యూన్స్ పార్కు ఎదుటా, దక్షిణాన గ్లోరీ బీచ్‌లోనూ పరుగుకు అది ఎంతో అనువైనది. మధ్యలో ఒకచోట బండరాళ్ల కట్ట ఉంది. 1964లో డోరా తుఫాను తరువాత కట్టినది. పోటు వేళ అలలు నేరుగా ఆ రాళ్లను తాకుతాయి, నడవడానికి ఇసుకే మిగలదు. కాబట్టి బయలుదేరే ముందు పోటుపాట్ల వేళలు చూసుకోవాలి. ఇసుక సముద్రంవైపు వాలుగా ఉంటుంది గనుక ఒకే దిక్కుకు చాలాసేపు పరుగెత్తితే ఒక తుంటిమీద, ఒక మోకాలిమీద భారం ఎక్కువ పడుతుంది. ఎంత దూరం వెళ్లారో అంత దూరం అదే దారిన తిరిగి రావడం మంచిది. షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా ఇసుకమీద నడవకూడదు. పాదాలకు స్పర్శ తగ్గినవారికి గవ్వ గుచ్చుకున్నా తెలియదు.

మూడవది పడమటివైపు క్లామ్ క్రీక్ బాట. గడ్డిమడుగుల అంచున కొంగలను చూస్తూ సాగే దారి. అటుగా 1743 నాటి హార్టన్ ఇంటి గోడలు ఇంకా నిలిచి ఉన్నాయి. ఆలిచిప్పలు కాల్చిన సున్నం, ఇసుక, చిప్పలు, నీరు కలిపి పోతపోసిన గోడలవి. మన గుల్లసున్నం ఎరిగినవారికి అది కొత్తగా తోచదు. అక్కడినుండి దక్షిణంగా పాత బంగళాల పేటలోకి వస్తే పెద్ద పెద్ద ఓక్ చెట్ల నీడ ఉంటుంది. వృద్ధులకూ, ఎండకు తట్టుకోలేనివారికీ ఈ దారే మేలు. దీవిమీద ఇలాంటి నడక, సైకిలు బాటలు మొత్తం సుమారు 40 కిలోమీటర్లు ఉన్నాయి.

నాలుగవది దక్షిణాన సెయింట్ ఆండ్రూస్ బీచ్. దాని సంగతి చెప్పేముందు, ఇంతటి చోటు ఎలా మిగిలిందో చెప్పాలి.

ఈ దీవి ఎప్పుడూ అందరిదీ కాదు. 1886లో ఏర్పడిన ఒక క్లబ్బు దీన్ని కొనుక్కుంది. జె.పి. మోర్గాన్, జోసెఫ్ పులిట్జర్ వంటి సంపన్నులు అందులో సభ్యులు. యుద్ధకాలంలో, 1942లో, క్లబ్బు మూతపడింది. 1947లో జార్జియా ప్రభుత్వం 6,75,000 డాలర్లకు ఆ దీవిని స్వాధీనం చేసుకుని ప్రజలకోసం ఉంచింది. 1971లో ఒక చట్టం వచ్చింది. దీవి నేలలో 35 శాతానికి మించి కట్టడాలకు వాడరాదని దాని సారాంశం. శాతం లెక్కమీద తగవులు రావడంతో 2014లో 1,675 ఎకరాలు అని ఖచ్చితమైన హద్దు గీశారు. హోటళ్లు, గోల్ఫు మైదానాలు, ఇళ్లు, దుకాణాలు అన్నీ ఆ హద్దులోనే ఉండాలి.

"సముద్రపు ఒడ్డున అంత నేల ఖాళీగా ఎందుకు? ఇంకో పది హోటళ్లు కడితే ఉద్యోగాలు రావా?" అని అడిగేవారు అక్కడా ఉన్నారు. తీసిపారేయవలసిన ప్రశ్న కాదది. దీవి నిర్వహణకు డబ్బు కావాలి, కారులో వచ్చేవారినుండి రుసుము వసూలు చేస్తున్నారు కూడా. అయినా నా మట్టుకు నాకు, ఆ ఖాళీ నేలే ఆ దీవికి ఆదాయం అనిపిస్తుంది. అది చూడటానికే గదా జనం వచ్చేది! పొలం అంచుల్లో పంట కోయకుండా బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టమని మోషే ధర్మశాస్త్రం ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించింది. ఆ విడిచిపెట్టిన అంచుల్లో పరిగె ఏరుకునే రూతు బతికింది. నేలంతా మనమే వాడుకోకూడదన్నది మన విశ్వాసంలో మొదటినుండీ ఉన్న మాట. మే నుండి ఆగస్టు వరకు అక్కడి ఇసుకలో సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. వాటికోసం రాత్రి ఒడ్డున తెల్లని దీపాలు వెలిగించనివ్వరు. చీకటిలో పరుగెత్తేవారు కూడా టార్చి కట్టేసుకోవలసిందే. ఆ మాత్రం సర్దుకుంటేనే ఆ చోటు ఎల్లకాలం ఉంటుంది.

ఇక సెయింట్ ఆండ్రూస్ బీచ్. ఆఫ్రికానుండి బానిసలను అమెరికాకు తేవడాన్ని 1808లోనే చట్టం నిషేధించింది. అయినా 50 ఏళ్ల తరువాత, 1858లో, వాండరర్ అనే ఓడ 400 మందికి పైగా ఆఫ్రికన్లను దొంగతనంగా ఈ దీవిమీద దింపింది. వారి జ్ఞాపకార్థం 2018లో ఇక్కడ ఒక బాట వేశారు. ప్రభుత్వం దీవిని కొన్న తరువాత కూడా నల్లవారికి ప్రవేశం వెంటనే దొరకలేదు. 1950లో ఈ ఒక్క ఒడ్డును మాత్రం వారికి వదిలారు. జార్జియాలో నల్లవారు వెళ్లగలిగిన మొదటి ప్రభుత్వ బీచ్ ఇదే. దీవి అంతా అందరికీ తెరుచుకోవడానికి 1964లో కోర్టు తీర్పు కావలసి వచ్చింది.

అంతటితో కథ సుఖాంతమైతే ఎంత బాగుండేది! జెకిల్ దీవి ఉన్న గ్లిన్ కౌంటీలోనే, 2020 ఫిబ్రవరి 23న, అహ్‌మౌడ్ ఆర్బెరీ అనే 25 ఏళ్ల నల్లజాతి యువకుడు బ్రన్‌స్విక్ దగ్గర ఒక నివాస ప్రాంతంలో పరుగెత్తుతుండగా, ముగ్గురు తెల్లజాతి మనుషులు ట్రక్కుల్లో వెంబడించారు. వారిలో ఒకడు తుపాకితో కాల్చి చంపాడు. 2021 నవంబరులో ముగ్గురికీ హత్యానేరం రుజువైంది. ఆ యువకుడు చేసింది మనం చీటీమీద రాసే పనే. పరుగు గుండెకు మంచిదని చెప్పే వైద్యులం, ఆ పరుగు అందరికీ ఒకేలా సురక్షితమా అని కూడా అడగాలి గదా!

ఈ ప్రశ్న మనకు దూరపుది కాదు. తెల్లవారకముందు రోడ్డుమీద నడవడానికి భయపడే ఆడపడుచులు మా ఓ.పి.కి రోజూ వస్తారు. "ఈ వీధిలో నీకేం పని?" అన్న మాట విన్న తమ్ముళ్లూ ఉన్నారు. బడి మైదానానికి తాళం, పార్కు ఉంటే దానికి టికెట్టు. ఇలాంటప్పుడు "నడవలేదేం?" అని రోగిని గద్దించడం న్యాయం కాదు.

మన చేతిలో ఉన్నది ఒకటుంది. పూర్వపు మిషనరీలు మనకు విశాలమైన కాంపౌండ్లు విడిచి వెళ్లారు. చింతలు, వేపలు, నిద్రగన్నేరు చెట్ల నీడ ఉన్న నేల. "రోడ్డువైపు దుకాణాలు కడితే అద్దె వస్తుంది" అన్న మాట ప్రతి సంఘ కమిటీలోనూ వినిపిస్తుంది. కొంత కట్టుకోవలసిన అవసరం ఉండవచ్చు. అయితే జెకిల్‌లో చేసినట్టు, ఇంతకు మించి కట్టం అని ముందే ఒక హద్దు గీసి, దాన్ని తీర్మానాల పుస్తకంలో రాయాలని నా మనవి. మిగిలిన నేలలో గోడ వెంబడి ఒక మట్టిబాట వేసి, ఉదయం 5 నుండి 7 గంటల వరకు గేటు తెరవండి. ఒక లైటు, ఒక వాచ్‌మన్, తాగడానికి నీళ్లు ఉంటే చాలు. ఏ మతం, ఏ కులం, ఏ పేట అని అడగకుండా అందరినీ రానివ్వండి.

అప్పుడు మా చీటీమీద రెండు మాటలు అదనంగా రాయగలుగుతాం: "రోజూ అరగంట నడవాలి, మన కాంపౌండులో." దేహాన్ని దేవుని ఆలయంగా ఎంచమని పౌలు కొరింథు సంఘానికి బోధించాడు. ఆ ఆలయాన్ని బాగు చేసుకోవడానికి పొరుగువాడికి కాస్త చోటు ఇవ్వడం కూడా మన పరిచర్యలో భాగమే. వచ్చే కమిటీ సమావేశంలో ఈ సంగతి ప్రస్తావించమని మిమ్మల్ని ప్రేమతో కోరుతున్నాను.