డబ్బా బీరు... ఓపికే రుచి!

2011లో అప్పటి అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా వైట్‌హౌస్ వంటింటికి ఓ కొత్త సరంజామా కొన్నారు. ఇంట్లోనే బీరు తయారుచేసుకునే కిట్ అది. అక్కడి వంటవాళ్లు దాంతో ప్రయోగాలు మొదలుపెట్టారు. తోటలో పెంచుతున్న తేనెటీగల తేనె కూడా అందులో కలిపారు. ఆ బీరు ఎలా చేయాలో చెప్పమని జనం పట్టుబట్టడంతో 2012 సెప్టెంబరులో తయారీ విధానాన్ని అందరి ముందూ పెట్టేశారు.

విచిత్రమేమిటంటే... అంతకు 35 ఏళ్ల ముందైతే ఆ పని నేరం! 1920లో మొదలైన మద్యనిషేధం 1933లో పోయింది. ఇంట్లో ద్రాక్షసారా చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంది కానీ బీరు సంగతి మాత్రం మరిచింది. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేశాకే ఆ తప్పు సరైంది. రాష్ట్రాల చట్టాలు వేరు కాబట్టి అలబామా, మిసిసిపి వాసులు 2013 దాకా ఆగాల్సి వచ్చింది. బ్రిటన్‌లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ 1963లోనే లైసెన్సు అక్కర్లేదనేశారు. అప్పటి నుంచే అక్కడి ఇళ్లలో ఈ సరదా పెరిగింది.

డబ్బాలో ఏముంది?

రాగుల్ని నానబెట్టి, మొలకకట్టి, ఆరబెట్టి రాగిమాల్ట్ చేస్తాం కదా! బార్లీతోనూ అంతే. ఆ మాల్ట్‌లోని తీపిని వేణ్నీళ్లతో తీసి, బెల్లంపాకంలా చిక్కగా చేసి, చేదు కోసం హాప్స్ అనే తీగమొక్క పూల సారం కలిపి డబ్బాలో నింపుతారు. ఇంచుమించు 1.7 కిలోల డబ్బా, మూతకింద చిన్న ఈస్ట్ పొట్లం. పాకాన్ని వేడినీళ్లలో కరిగించి, కిలో పంచదార వేసి, చన్నీళ్లతో 23 లీటర్లు చేసి ఈస్ట్ చల్లితే చాలు. వారం, పది రోజుల్లో పులుస్తుంది. సీసాల్లో పోసి మూతపెట్టడమే.

ఇంత తేలికైతే అందరూ చేసేవాళ్లే. చిక్కంతా మొదటి గ్లాసు దగ్గరే. నీళ్లనీళ్లగా, మందు వాసనతో ఉండే ఆ బీరు తాగి చాలామంది డబ్బాని తిట్టుకుని, బకెట్ అటకమీద పడేస్తారు. నిజానికి తప్పు చాలాసార్లు డబ్బాది కాదు.

తేడా ఎక్కడొస్తుంది?

మొదటిది శుభ్రత. కడగడం వేరు, క్రిముల్లేకుండా చేయడం వేరు. బకెట్, గరిటె, గొట్టం, సీసా... చల్లారిన పాకాన్ని తాకే ప్రతిదాన్నీ క్రిమిసంహారక ద్రావణంలో ముంచి తీయాలి. బీరు పాడవడానికి అక్కర్లేని సూక్ష్మజీవులే కారణమని లూయీ పాశ్చర్ 1876లోనే పుస్తకం రాసి మరీ చెప్పాడు.

రెండోది నీళ్లు. కుళాయి నీటిలోని క్లోరిన్ మాల్ట్‌తో కలిస్తే ప్లాస్టిక్, ఆసుపత్రి వాసనలొస్తాయి. అక్కడి దుకాణాల్లో దొరికే క్యాంప్‌డెన్ బిళ్ల సగం వేస్తే 23 లీటర్లకు సరిపోతుంది.

మూడోది పంచదార. కిలో పంచదారతో మత్తు పెరుగుతుందే తప్ప రుచి పెరగదు, బీరు పలచబడుతుంది. సగమో, మొత్తమో తగ్గించి ఆ స్థానంలో మాల్ట్ పొడి వేస్తే చిక్కదనం, నురగ రెండూ వస్తాయి.

నాలుగోది వేడి. ఇడ్లీపిండి ఎండాకాలంలో ఒక్క రాత్రికే పొంగి పులిసిపోతుంది, చలికాలంలో కదలదు. ఈస్ట్ సంగతీ అంతే. ఏల్ రకం బీరుకి 18 నుంచి 21 డిగ్రీలు హాయి. పాతిక దాటిందంటే ఘాటు, తలనొప్పి తెప్పించే వాసనలు పుడతాయి. బకెట్‌ని నీళ్లతొట్టిలో పెట్టి తడిగుడ్డ చుట్టడం అక్కడి వాళ్ల చిట్కా. కూజాకి తడిగుడ్డ చుట్టిన ఇంటివాళ్లకి ఇది కొత్త కాదు!

అయిదోది ఈస్ట్. దుకాణంలో నెలల తరబడి ఉన్న డబ్బా మూతకింది చిన్న పొట్లాన్ని నమ్ముకోకుండా 11 గ్రాముల తాజా పొట్లం విడిగా కొనడం మంచిది. రుచిని మార్చేది ఎక్కువగా అదే.

సీసా పేలుతుంది జాగ్రత్త!

అన్నిటికన్నా ముఖ్యమైంది తొందరపడకపోవడం. ఇది రుచికి సంబంధించిందే కాదు, ఒంటికి సంబంధించింది కూడా. పులవడం పూర్తికాకుండా సీసాలో పోస్తే లోపల గ్యాస్ పెరిగి గాజు సీసా బాంబులా పేలుతుంది. కళ్లు, చేతులు జాగ్రత్త!

బుడగలు ఆగినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. అందుకే హైడ్రోమీటర్ వాడాలి. పాలకేంద్రంలో పాలలో ముంచే లాక్టోమీటర్‌కి అన్నలాంటిది ఇది. మొదట 1.040 దగ్గర చూపించేది పులిశాక 1.010 దగ్గరికి దిగుతుంది. రెండు మూడు రోజులు వరుసగా ఒకే అంకె చూపిస్తేనే సీసాల్లోకి. నురగ కోసం అర లీటరు సీసాకి నాలుగు గ్రాముల చక్కెర చాలు, చేతికొచ్చినంత వేయకూడదు. ఆ తరవాత రెండు వారాలు గది వెచ్చదనంలో, వెలుతురు తగలకుండా ఉంచాలి. నెల ఆగితే ఇంకా బాగుంటుంది.

ఇక్కడ కుదరదు!

అమెరికాలో పెద్దవాళ్లు ఒక్కరున్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకన్నా ఎక్కువుంటే 200 గ్యాలన్ల వరకూ ఇంటి అవసరానికి పన్ను లేకుండా చేసుకోవచ్చు. అమ్మకూడదు. అక్కడున్న తెలుగువాళ్లకీ ఇదే లెక్క. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మాత్రం లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడం నేరం. అక్కడినుంచి వచ్చే బంధువుని కిట్ తెమ్మనేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కాలిఫోర్నియాలోని చికోలో కెన్ గ్రాస్‌మన్ అనే కుర్రాడు 1976లో ఇంటి బీరు సామగ్రి దుకాణం పెట్టాడు. నాలుగేళ్లకి సియెర్రా నెవాడా కంపెనీ మొదలైంది. అమెరికాలో పేరున్న బీరు కంపెనీల్లో అదొకటి. అందరి డబ్బాలూ అంతదూరం వెళ్లవు. కానీ అటకమీది బకెట్ కిందికి దిగాలంటే మాత్రం ఖరీదైన సామాను అక్కర్లేదు... శుభ్రమైన చేతులు, చల్లని మూల, ఇంకో రెండు వారాల ఓపిక చాలు!